పక్క సీటు బ్రేకు

మార్చి 3

ఉత్తర్వు చేతికి వచ్చింది. నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో బల్ల దగ్గర కూర్చునే పని నుంచి నన్ను ఫీల్డుకి మార్చారు. కొండ అవతలి కాలనీల్లో కుళాయి నీళ్ళు సీసాల్లో పట్టి, ఐసు పెట్టెలో సర్ది, అదే రోజు ల్యాబ్‌కి చేర్చాలి. అటు పొద్దున వెళ్ళిన బస్సు సాయంత్రానికి గానీ తిరిగి రాదు. ఆలోపు నీళ్ళు పాడైపోతాయి. అందుకని సొంత కారు ఉన్నవాళ్ళకే ఆ ఉద్యోగం. ఒకటో తారీఖుకి కారుతో కనిపించకపోతే నా తర్వాత ఉన్న అతనికి ఇచ్చేస్తారు. సూపర్‌వైజర్ మేడం ఈ మాట నవ్వుతూనే చెప్పింది.

లైసెన్సు ఉంది. కారు లేదు.

ఉత్తర్వు అమ్మకి చదివి వినిపించాను. అయిపోయాక "ఇంకోసారి చదువు" అంది. రెండోసారి చదువుతుంటే నాతోపాటు తనూ పెదాలు కదిపింది. అక్షరం ముక్క రాని మనిషి, నా పేరు వచ్చే చోటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది.

మార్చి 4

మావయ్య వచ్చాడు. బ్రెడ్డు కంపెనీ వ్యాను నడుపుతాడు కాబట్టి లోకంలో కార్ల గురించి ఆయనకి తెలియనిది లేదు.

"ఆఫీసరమ్మ కారు కొంటుందటగా! ఏ రంగు?"

"రంగు కాదు మావయ్యా. తక్కువలో రావాలి, దారిలో ఆగకూడదు, విడిభాగాలు ఎక్కడైనా దొరకాలి."

"అబ్బో. ఇది కారు కోసమా, పెళ్ళికొడుకు కోసమా?"

చెల్లి పడీపడీ నవ్వింది. నవ్వు ఆగగానే "నాకూ నేర్పుతావు కదక్కా?" అని మొదలుపెట్టింది. ముందు నాకు రానీ అన్నాను. "నీకొచ్చుగా, లైసెన్సు ఇచ్చారుగా!" అంది.

అవును. ఇచ్చారు.

మార్చి 8

ఎర్ర కారు. పాత కార్లమ్మే యార్డులో మావయ్య ముందే మాట్లాడి పెట్టాడు. కొత్త సీటు కవర్లు, లోపల ఘాటైన సెంటు. యార్డు మనిషి "డాక్టరుగారి కారండీ, ఆదివారం తప్ప తీసేవారు కాదు" అన్నాడు. పాత కారు కొనేముందు ఏం చూడాలో నేను చదువుకుని వెళ్ళాను. సీటు బెల్టు చివరిదాకా లాగాను. లోపల చుట్టుకుని ఉన్న భాగం మీద బురద చార. కారు వరదలో మునిగింది.

"ఆదివారం ఈతకి వెళ్ళేవారా డాక్టరుగారు?" అన్నాను.

మావయ్య బయటికొచ్చాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఆ బెల్టు వదిలేశాక అరచేతికి తడి ఉన్నట్టే ఉండిపోయింది.

మార్చి 11

బూడిదరంగు కారు. మేం వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంది. చల్లని ఇంజను స్టార్టు అవుతుందో లేదో మాకు తెలియకూడదని ముందే వేడెక్కించి ఉంచారు. చల్లారేదాకా కూర్చుంటామంటే అమ్మేవాయనకి పని ఉందట. వచ్చేశాం.

ఇదంతా నిజమే. కానీ అసలు సంగతి రాయాలి. ఈ ఇంట్లో రాసింది దాచుకోనక్కర్లేదు. అమ్మకి చదువు రాదు, చెల్లికి ఓపిక లేదు.

చల్లారేదాకా కూర్చోవడానికి వాళ్ళు ఒప్పుకుని ఉంటే నేను ఆ కారు నడిపి చూడాల్సి వచ్చేది. వద్దనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మార్చి 12

నాకు డ్రైవింగ్ నేర్పిన మాస్టారి తెల్ల కారు అమ్ముతున్నారట.

మార్చి 14

వెళ్ళాను. డ్రైవింగ్ స్కూలు అంటే ఆ ఇల్లే. గేటు, గేటు లోపల కారు. కారు మీద ఉండే బోర్డు పీకేశారు, దాని మరకలు పైకప్పు మీద నాలుగు మూలలా ఉన్నాయి. నాకు లైసెన్సు వచ్చిన కొద్ది రోజులకే మాస్టారు పోయారు. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ పోయారట. నేను అప్పుడు పరామర్శకి వెళ్ళలేదు. ఏమని వెళ్ళాలి? ఆయన నాకేమవుతారు?

మాస్టారి భార్య, ఆంటీ, తాళాలు ఇచ్చింది. "నడిపి చూసుకో. నాకెలాగూ రాదు. ఆయన నన్ను నేర్చుకోమనలేదు, నేనూ అడగలేదు."

పక్క సీటు ముందు ఆయన బ్రేకు అలాగే ఉంది. రబ్బరు ఒకవైపు అరిగి నున్నగా మెరుస్తోంది.

ఆయన పద్ధతి ఒకటే. నేను ఆపాల్సిన చోట ఆపకపోతే ఆయన పక్క నుంచి నొక్కేవారు. నొక్కేముందు రెండుసార్లు మెల్లిగా, తలుపు తట్టినట్టు, ఆ బ్రేకుని తట్టేవారు. టక్, టక్. తర్వాత కారు ఆగేది. ఆగాక ప్రతిసారీ "బాగా ఆపావమ్మా" అనేవారు. ఆపింది ఆయనే. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు. అయినా నేను "థ్యాంక్స్ మాస్టారూ" అనేదాన్ని.

వానలు పడ్డ వారం, పరీక్షకి కొద్ది రోజుల ముందు, నాలుగు రోడ్ల దగ్గర లారీ అడ్డం వచ్చింది. నా కాలు యాక్సిలరేటరు మీదే బిగుసుకుపోయింది. టక్, టక్. కారు ఆగింది. అద్దం నిండా లారీ చక్రమే. "బాగా ఆపావమ్మా." ఆ రోజు ఆయన గొంతు కొంచెం వేరుగా ఉంది. నేను థ్యాంక్స్ చెప్పలేదు, ఏడ్చాను.

ఇవాళ ఆ వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చాను. ఎక్కడా తడబడలేదు.

మార్చి 15

తెల్ల కారే ఎందుకంటే: తక్కువలో వస్తోంది. ఒక్కరే యజమాని. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే పట్టుకుంది. ఆయిలు శుభ్రం. టైర్లు సమంగా అరిగాయి. విడిభాగాలు ఏ కొట్లోనైనా దొరుకుతాయి. అంతే.

"ఎంతమంది నేర్చుకున్న బండే అది! క్లచ్‌ని పీల్చి పిప్పి చేసుంటారు" అన్నాడు మావయ్య. క్లచ్ కిందటేడు మార్పించారని చెప్పాను. "మరి ఆ పక్క బ్రేకు?" అన్నాడు. తర్వాత తీయించేస్తానన్నాను.

తక్కువలో వస్తోంది. దారిలో ఆగదు. అంతే.

మార్చి 17

కొన్నాను.

మార్చి 18

పక్క సీటు బాగా వెనక్కి ఉంది. మాస్టారు పొడగరి. ఐసు పెట్టె ఆ సీట్లో పెట్టి బెల్టు వేద్దామని సీటు ముందుకి జరిపాను.

మార్చి 19

సీటు మళ్ళీ వెనక్కి ఉంది. పాత కారు కదా, కొక్కెం పట్టడం లేదేమో. జరిపాను.

మార్చి 20

కొక్కెం పట్టడం లేదు. మావయ్య చూసి "బాగానే పడుతోందే" అన్నాడు. మావయ్యకి అన్నీ బాగానే ఉంటాయి.

మార్చి 21

అమ్మని ఎక్కించుకుని తను పనిచేసే లాండ్రీ దాకా వెళ్ళాను. జన్మలో మొదటిసారి మా ఇంటి వాళ్ళు మా కారులో వెళ్ళడం. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. ముందు తలుపు తీసి పట్టుకున్నాను. ఒక కాలు లోపల పెట్టబోయి, తీసేసి, వెనక కూర్చుంది.

"ముందు కూర్చోమ్మా, నేనేమన్నా నీ డ్రైవర్నా?"

"ఇక్కడ బాగుందిలేవే."

మలుపు దాటాక సీటు సంగతి గుర్తొచ్చి, అదెందుకో వెనక్కి జారిపోతోందని చెప్పాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ "ఉండనీ, కాళ్ళకి చోటుండాలి కదా" అంది.

ఎవరి కాళ్ళకి అని నేను అడగలేదు. లాండ్రీ ముందు దిగి, తోటివాళ్ళు చూస్తున్నారో లేదో చూసుకుని, తలుపు రెండుసార్లు వేసింది.

మార్చి 23

పక్క బ్రేకు దానంతటదే కిందికి వెళుతోంది.

కంగారు పడాల్సిందేమీ లేదు. రెండు బ్రేకుల మధ్య అడుగున రాడ్డు ఉంటుంది. నేను నా బ్రేకు నొక్కితే అది కూడా కిందికి వెళుతుంది, వదిలితే పైకి వస్తుంది. నేర్చుకునే రోజుల్లో అక్కడ ఆయన బూటు ఉండేది కాబట్టి నేను గమనించలేదు. ఇప్పుడు ఖాళీగా ఉంది కాబట్టి కనిపిస్తోంది.

మార్చి 24

ముందు అది వెళ్ళింది, తర్వాత నేను నొక్కాను.

మార్చి 25

నిన్న రాసింది తప్పు. రోడ్డు మీద దృష్టి ఉండగా పక్కకి చూశాను కాబట్టి అలా అనిపించింది. జరిగింది ఇదీ: స్కూలు గోడ పక్క నుంచి ఒకావిడ తోపుడు బండితో రోడ్డు మీదికి వచ్చేసింది. టక్, టక్ అని వినిపించింది. అడుగున రాయి తగిలి ఉంటుంది. కారు ఆగింది. నేనే నొక్కాను. నేనే.

"చూసి నడుపు తల్లీ" అంది ఆవిడ. చూసే నడుపుతున్నాను.

ఒకటి ఒప్పుకోవాలి. ఆగగానే నాకు భయం వెయ్యలేదు. హాయిగా అనిపించింది. ఎవరో ఉన్నారని.

మార్చి 28

సూపర్‌వైజర్ మేడం నాతో వచ్చింది. ఒకటో తారీఖు లోపల నా డ్రైవింగ్ చూసి సంతకం పెట్టాలి. కొండ దారిలో రిజర్వాయరు దాకా వెళ్ళి రావాలి. మేడం ముందు సీట్లోనే కూర్చుంది. కాళ్ళ దగ్గర ఉన్న బ్రేకు చూసి "ఇదేంటి, నేను కూడా నడపాలా?" అని నవ్వింది.

కొండ ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు ప్రతి మలుపులో కారు కాస్త ముందే నెమ్మదించింది. "ఊరికే బ్రేకు తొక్కకమ్మా, గేరు మీద దించు" అంది మేడం. నేను తొక్కట్లేదని చెప్పలేను కదా. సరే మేడం అన్నాను.

చివరి మలుపు ముందు ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. తల వంచి తన కాళ్ళ వైపు చూసుకుంది. రెండు కాళ్ళూ మెల్లిగా వెనక్కి తీసుకుంది. ఇరుకు బస్సులో ఎవరికో దారి ఇస్తే ఎలా ముడుచుకుంటామో అలా. అప్పుడు వినిపించింది. టక్, టక్. కారు ఆగింది. మలుపు అవతల నుంచి రాళ్ళ ట్రాక్టరు వచ్చి మమ్మల్ని రాసుకుంటూ పోయింది.

తర్వాత మేడం దిగి, వెనక సీట్లోకి మారి కూర్చుంది. ల్యాబ్ గేటు దగ్గర దిగాక "ఆ పక్క బ్రేకు తీయించెయ్. తీయించాక రా, సంతకం పెడతాను" అంది. గొంతులో నవ్వు లేదు.

మార్చి 29

తీయిస్తే నేను నడపలేను.

రాశాక చూసుకుంటే ఇంత చిన్న వాక్యమా అనిపించింది.

మార్చి 30

మెకానిక్ షెడ్డుకి పొద్దున్నే వెళ్ళాను. కారు కిందికి దూరి, ఎంతసేపటికో బయటికొచ్చాడు. నల్లటి చేతులు తుడుచుకుంటూ "మేడం, దీన్ని తీయడానికి ఏముంది? ఎప్పుడో ఊడదీసేశారుగా" అన్నాడు.

అర్థం కాలేదన్నాను. నన్ను పక్క సీట్లో కూర్చోమని, ఆ బ్రేకు తొక్కమన్నాడు. తొక్కాను. మెత్తగా నేలదాకా వెళ్ళింది. గడియ లేని తలుపు తోసినట్టు, ఏ బరువూ లేకుండా. తర్వాత తను డ్రైవరు సీట్లో కూర్చుని అసలు బ్రేకు తొక్కాడు. నా పక్కది కదల్లేదు.

"రాడ్డుని దీనికి కలిపే పిన్ను లేదు. తీసి చాన్నాళ్ళయింది, ఆ కన్నంలో తుప్పు పట్టింది కూడా. మీరు ఇటు తొక్కితే అటు కదలదు, అటు తొక్కితే ఇటు కదలదు. ఉత్త అలంకారం."

"నేను నొక్కినప్పుడు అది కిందికి వెళ్ళడం చూశాను" అన్నాను.

"గుంతల్లో ఊగి ఉంటుంది" అన్నాడు. మర్యాదగల మనిషి.

తీసేశాడు. కన్నాలకి రబ్బరు బిరడాలు కొట్టి, మీద మ్యాటు పరిచాడు. బ్రేకుని గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టాడు. అక్కడి నుంచి నేరుగా మాస్టారింటికి వెళ్ళాను. ఎలా నడిపానో గుర్తు లేదు.

ఆంటీ సంచి విప్పి చూసింది. లోపలికి వెళ్ళి గుండీల డబ్బా తెచ్చింది. గుండీల మధ్య వేలెడంత ఇనప పిన్ను.

"నేర్చుకునేవాళ్ళు సొంతంగా నడపగలరనిపిస్తే చివరి రోజుల్లో ఇది తీసేసేవారు. ఎవరికీ చెప్పేవారు కాదు. చెబితే కాళ్ళు వణుకుతాయట. పక్కన కూర్చుని తొక్కుతున్నట్టు నటించేవారు, అంతే. ఇది చొక్కా జేబులో వేసుకొచ్చేవారు, ఉతికేటప్పుడు నాకు దొరికేది."

"నాది ఎప్పుడు తీశారాంటీ?"

"వానలకి ముందు. 'ల్యాబ్ అమ్మాయిది తీసేశాను' అని సంతోషంగా చెప్పారు."

నేను వేళ్ళు మడిచి లెక్క వేసుకోలేదు. వెయ్యక్కర్లేదు. లారీ అడ్డం వచ్చింది వానల్లో.

"అంటే లారీ దగ్గర ఆపింది నేనే" అన్నాను. ఆంటీ పిన్నుని గుండీల్లో అటూ ఇటూ కదుపుతూ కూర్చుంది.

"ఆ రోజు ఆయన అన్నం ముట్టుకోలేదు. 'ఆ పిల్ల కాలు బ్రేకు మీద లేదు. నేను కళ్ళారా చూశాను. పిన్ను నా జేబులో ఉంది. అయినా నా కాలికి కారు ఆగింది' అన్నారు. వయసు మీద పడిందండీ, కాస్త పడుకోండి అన్నాను. ఆ తర్వాత ఇంకెవరికీ నేర్పలేదు. అడిగినవాళ్ళని పంపించేసేవారు."

టీ ఇచ్చింది. తాగాను. పిన్ను తీసుకెళ్ళమంది. వద్దన్నాను.

మార్చి 31

కొండ దారిలో ఒక్కదాన్నే వెళ్ళి వచ్చాను. పక్కన ఏమీ లేదు. రబ్బరు బిరడాలు, మ్యాటు, ఐసు పెట్టె. సీటు ముందుకి జరిపితే ముందుకే ఉంది. కిందికి దిగేటప్పుడు గేరు మీద దించాను. మలుపులో ఒక సైకిలు ఎదురొచ్చింది. నా కాలు వెళ్ళింది, నేను చూస్తుండగా వెళ్ళింది, నొక్కింది. ఆగింది.

ఎవరూ ఏమీ అనలేదు. నేనే పైకి అన్నాను: "బాగా ఆపావమ్మా."

మేడం సంతకం పెట్టింది.

ఏప్రిల్ 1

మొదటి రోజు. సీసాలన్నీ చల్లగా చేరాయి. అమ్మ "ఏమైంది, ఏమైంది" అని నాలుగుసార్లు అడిగింది. ఏమీ కాలేదమ్మా అన్నాను. ఎంత మంచి మాట అది.

ఏప్రిల్ 9

పని. పంక్చరు. నేనే మార్చుకున్నాను.

ఏప్రిల్ 17

అమ్మ ఇవాళ ముందు సీట్లో కూర్చుంది. తనంతట తనే తలుపు తీసుకుని ఎక్కింది. నేను ఆశ్చర్యంగా చూస్తే "ఇప్పుడు ఖాళీగా ఉందిగా" అంది.

ఏప్రిల్ 26

ఇవాళ్టిది మొత్తం రాయాలి. ఉన్నది ఉన్నట్టు.

చెల్లి పోరు పడలేక మార్కెట్ గోదాముల వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాను. ఆదివారం, ఎవరూ ఉండరు. అది డ్రైవరు సీట్లో, నేను పక్క సీట్లో. నేను ఈ కారులో అటు కూర్చోవడం ఇంతకుముందు ఒక్కసారే, మెకానిక్ షెడ్డులో. మోకాళ్ళు తగులుతుంటే సీటు వెనక్కి జరుపుకున్నాను.

క్లచ్ మెల్లిగా వదలమన్నాను. కారు దూకి ఆగింది. మళ్ళీ. మళ్ళీ. "ఇది నన్ను చూసి నవ్వుతోందక్కా" అంది. నాలుగోసారి కదిలింది. చెల్లికి పట్టలేని సంతోషం. "అక్కా వెళుతోంది! వెళుతోందే!" అంటూ యాక్సిలరేటరు తొక్కేసింది. గోదాము మూల నుంచి ఒక ముసలాయన సైకిలు నడిపించుకుంటూ మా ముందుకి వచ్చాడు.

"బ్రేకు!" అని అరిచాను.

చెల్లి స్టీరింగు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

నా కుడికాలు మ్యాటుని రెండుసార్లు తట్టింది. నేను తట్టించలేదు. ఆ తర్వాత నొక్కాను.

కారు ముందుకి వంగి ఆగింది. ఇంజను ఆగిపోయింది. సైకిలు ముందు చక్రానికీ మాకూ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడవగలిగేంత చోటు. ముసలాయన మమ్మల్ని చూసి, ఏదో గొణుక్కుని, సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

హ్యాండ్ బ్రేకు కిందే ఉంది. గేరులోనే ఉంది. నేను చెల్లి కాళ్ళ వైపు చూశాను. చెప్పులు కింద ఉన్నాయి. కాళ్ళు రెండూ సీటు మీదికి ముడుచుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది.

నా కాలు ఇంకా నొక్కుతూనే ఉంది. మ్యాటు కింద రేకు గట్టిగా ఉండాలి. మెత్తగా ఉంది. నేను బరువు తీయగానే అది నా పాదాన్ని నెమ్మదిగా పైకి తోసింది.

చెల్లి వేళ్ళ సందుల్లోంచి చూసింది. ఎదురుగా ఎవరూ లేరు.

"అక్కా, ఆపానా? నేనే ఆపానా?"

నా గొంతు నాకే కొంచెం వేరుగా వినిపించింది.

"బాగా ఆపావమ్మా" అన్నాను.

"థ్యాంక్స్ అక్కా" అంది.